కిలిమంజారో దగ్గర బేరం

పిల్లలూ, మీ అమ్మ సంతలో వంకాయలు కొనేటప్పుడు ఎప్పుడైనా పక్కన నిలబడి చూశారా? ముందు ధర అడుగుతుంది. అడిగి ఊరుకోదు. కాయను చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తుంది. తొడిమ వాడిందేమో, ఎక్కడైనా పుచ్చు ఉన్నదేమో చూస్తుంది. తక్కెడ ముల్లును కూడా ఒక కంట కనిపెడుతుంది. ఆ తరవాతనే సంచీ తెరుస్తుంది.

వంకాయలైతే సరే. కొండ ఎక్కించే పనిని కొనవలసి వస్తే ఏం చూసి కొనాలి? దానిని చేత్తో తిప్పి చూడలేము గదా! డబ్బు ముందు ఇస్తాము; సరుకు మంచిదో కాదో కొండ మీదికి పోయాక గాని తెలియదు. ఇటువంటి బేరం ఒకటి నేను నా అరవై నాలుగో ఏట చేయవలసి వచ్చింది. ఆ సంగతి మీకు చెబుతాను.

మా అబ్బాయి ఆఫ్రికా ఖండంలో, టాంజానియా దేశంలో, దారెస్సలాం అనే రేవుపట్నంలో ఉద్యోగం చేస్తున్నాడు. నేను హెడ్మాస్టరు పని నుంచి విరమించిన తరవాత వాళ్ళను చూడబోయాను. అది జూలై నెల. మా మనవరాలికి సెలవులు. ఆ పిల్లకు కిలిమంజారో ఎక్కాలని పట్టుదల.

"మన తెలంగాణ అమ్మాయి మాలావత్ పూర్ణ 2014లో ఎవరెస్టు ఎక్కినప్పుడు ఆమెకు పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు, తాతయ్యా! నాకు పద్నాలుగు నిండాయి," అన్నది. ఇంక మాట్లాడటానికేమున్నది? తండ్రీ కూతురూ కొండకు పోవటానికీ, నేను మొదటి మజిలీ దాకా పోయి తిరిగి రావటానికీ నిశ్చయమైంది.

కిలిమంజారో ఆఫ్రికాలోకల్లా ఎత్తైన పర్వతం. ఎత్తు 5,895 మీటర్లు. ఇది అగ్నిపర్వతం. కీబో, మావెంజీ, షీరా అని మూడు కొమ్ములున్నాయి. వీటిలో కీబో అన్నిటికంటె పెద్దది. భూమధ్యరేఖకు మూడు డిగ్రీల దూరంలోనే ఉన్నా దీని నెత్తిన మంచు ఉంటుంది. 1848లో యోహానెస్ రెబ్మాన్ అనే మతప్రచారకుడు ఆ మంచును చూసి రాస్తే, లండనులోని భూగోళ పండితులు కొందరు నమ్మలేదట! ఆ మంచు ఇప్పుడు తరిగిపోతున్నది. 1912లో ఉన్నదానిలో 2011 నాటికి సుమారు 85 పాళ్ళు కరిగిపోయినట్టు శాస్త్రజ్ఞులు కొలిచి చెప్పారు.

కొండ శిఖరానికి ఊహూరు అని పేరు. స్వాహిలీ భాషలో దానికి స్వాతంత్ర్యం అని అర్థం. 1961 డిసెంబరు 9న ఆ దేశానికి స్వాతంత్ర్యం వచ్చినప్పుడు ఆ శిఖరం మీద దివిటీ వెలిగించి జెండా ఎత్తారు.

దారెస్సలాం నుంచి సుమారు 550 కిలోమీటర్లు బస్సులో పోయి, కొండ కింద ఉన్న మోషీ అనే ఊరు చేరాము. చుట్టూ కాఫీ తోటలు, అరటి తోటలు. ఆ తోటలను చాగ్గా జాతివారు సాగు చేస్తారు. అంగళ్ళ బోర్డులు చూస్తూ మా మనవరాలు నాకు స్వాహిలీ నేర్పింది. అంగడిని వాళ్ళు "దూకా" అంటారు. బండిని "గారి" అంటారు. చాయి అన్నా, చపాతి అన్నా మనకూ వాళ్ళకూ ఒకటే. బీమాను కూడా "బీమా" అనే అంటారు! వందల ఏళ్ళ నుంచి సముద్రం మీద మన వర్తకులు అక్కడికి పోతూ ఉండటం చేత ఈ మాటలు కూడా ఓడలెక్కి పోయినాయి కాబోలు.

కిలిమంజారోను ఎవరూ తమంతట తాము ఎక్కరాదు. లైసెన్సు ఉన్న మార్గదర్శి వెంట ఉండి తీరాలని అక్కడి నేషనల్ పార్కు నియమం. అందుచేత మోషీలో కొండ ఎక్కించే కంపెనీలు వీధి వీధికీ ఉన్నాయి. మేము బస్సు దిగీ దిగకముందే నలుగురు దళారులు చుట్టుముట్టారు. "మా దగ్గర చౌక!" అంటే "మా దగ్గర ఇంకా చౌక!" అని సంచులు పట్టుకుని లాగారు. ఇలాంటి వాళ్ళకు అక్కడ "ఈగలు పట్టేవాళ్ళు" అని పేరున్నదట. ఆ ఈగలము మేమన్నమాట! మేము వాళ్ళకు దణ్ణం పెట్టి, బసలో సామాను పెట్టి, మూడు ఆఫీసులకు స్వయంగా వెళ్ళాము.

డాలరు ధర, రుసుముల ధర ఏటేటా మారతాయి. అందుచేత నేను అసలు అంకెలు చెప్పక, మొదటి కంపెనీ వాడు అడిగినదానిని 100 అనుకుని మిగిలినవి చెబుతాను.

మొదటి ఆఫీసు ఒక చిన్న గది. ధర 100. అయిదు రోజుల్లో శిఖరం ఎక్కించి దింపుతామన్నాడు. రెండో ఆఫీసులో చల్లని గది, గోడలనిండా రంగు ఫోటోలు, మాకు చల్లని పానీయాలు. ధర 200. ఆరు రోజులు. మూడో ఆఫీసులో ఒక బల్ల, రెండు బెంచీలు. అక్కడ కూర్చున్న మనిషికి యాభై ఏళ్ళుంటాయి. ఆయనే మార్గదర్శి. ఆరు రోజులకు 140, కొండకు పడమటి వైపు నుంచి ఎనిమిది రోజుల్లో ఎక్కే దారికి 180 అన్నాడు.

బయటికి వచ్చాక మా అబ్బాయి, "కొండ ఒకటే గద నాన్నా! 100కు వస్తుంటే 140 ఎందుకు?" అన్నాడు.

వాడు అడిగినది సహజమైన ప్రశ్నే. దానికి జవాబుగా నేను వాడికి ముప్పై ఏళ్ళనాటి సంగతి ఒకటి చెప్పాను. మీకూ చెబుతాను. చెప్పటానికి నాకు సిగ్గే గాని, చెప్పక తప్పదు.

అప్పుడు నేను 42 మంది పిల్లలను విశాఖపట్నం నుంచి అరకులోయకు విహారయాత్రకు తీసుకుపోవాలని బస్సుకోసం ముగ్గురిని ధర అడిగాను. ఒకతను మిగిలినవాళ్ళకంటె 600 రూపాయలు తక్కువ చెప్పాడు. పిల్లల డబ్బు ఆదా చేశానని సంతోషించాను. తిరుగుదారిలో చీకటిపడ్డాక ఘాట్ రోడ్డు మలుపు దగ్గర డ్రైవరుకు కునుకు పట్టింది. బస్సు పోయి పిట్టగోడకు తగిలి ఆగింది. దేవుడి దయవలన ఎవరికీ ఏమీ కాలేదు. డ్రైవరు దిగి, గోడ పక్కన కూలబడి ఏడ్చాడు. అంతకు ముందు రెండు రాత్రులు అతను వేరే ట్రిప్పులకు బండి నడిపి, నిద్ర లేకుండానే మా దగ్గరికి వచ్చాడట. యజమాని రెండో డ్రైవరును పెట్టలేదు. నాకు మిగిలిన 600 రూపాయలు ఎక్కడి నుంచి వచ్చాయో అప్పుడు తెలిసింది. అవి ఆ డ్రైవరు నిద్రలో నుంచి వచ్చాయి!

అందుచేత మా అబ్బాయితో, "ఒకచోట ధర తగ్గిందంటే ఆ తగ్గినది ఎవరి వాటాలోదో ముందు తెలుసుకోవాలిరా," అన్నాను.

మోషీలో ఈ లెక్క కట్టడం కష్టం కాదు. నేషనల్ పార్కు వారు మనిషికి రోజుకింత అని రుసుము వసూలు చేస్తారు. అది ఏ కంపెనీ ద్వారా పోయినా ఒకటే. మాకు చెప్పిన 100లో సగానికి పైగా ఆ రుసుముకే పోతుందని తేలింది. మిగిలిన దానిలోనే తిండి, గ్యాసు, వంటవాడు, మార్గదర్శి, బరువులు మోసే కూలీలు, చివరకు కంపెనీ లాభం. రుసుము తగ్గదు. లాభం ఎవరూ వదులుకోరు. ఇంక తగ్గగలిగినవి మూడే: రోజులు, తిండి, కూలి.

నేను కాగితం మీద మూడు ప్రశ్నలు రాసుకుని, మూడు ఆఫీసులకూ మళ్ళీ వెళ్ళాను. కొండమీద ఎన్ని రాత్రులు, ఏ ఎత్తున నిద్ర? కూలీకి బరువెంత, కూలి ఎంత, తిండి ఎన్ని పూటలు? ఎవరికైనా ఒంట్లో బాగా లేకపోతే దింపాలని నిర్ణయించేది ఎవరు, వెంట దిగేది ఎవరు?

మొదటి ఆఫీసు వాడు, "కూలీల సంగతి మీకెందుకు? వాళ్ళకు యాత్రికులు బహుమానం ఇస్తారుగా!" అన్నాడు. రెండో ఆఫీసులో అంత ధర పలికినవారు, "అది మా వ్యాపార రహస్యం," అని నవ్వారు. చూశారా, ధర ఎక్కువైనంత మాత్రాన జవాబు రాలేదు!

మూడో ఆఫీసు మనిషి ఒక నోటుపుస్తకం తెరిచి చూపించాడు. అందులో కూలీల పేర్లు, వాళ్ళకు ఇచ్చిన కూలి, వాళ్ళ సంతకాలు ఉన్నాయి. ఒక్కొక్క కూలీకి 20 కిలోలకు మించి ఎత్తరాదని పార్కు నియమం. మూడు పూటలా వాళ్ళకు తిండి కంపెనీదే. ఆయన కూడా మొదట ఎనిమిదేళ్ళు బరువులు మోసినవాడేనట. మోషీలో కూలీల క్షేమంకోసం 2003 నుంచి ఒక సంస్థ పనిచేస్తున్నది. చలిబట్టలు లేని కూలీలకు అది బట్టలు ఎరువిస్తుంది. ఎవరు సరిగా కూలి ఇస్తున్నారో విచారిస్తుంది. ఆ సంగతి కూడా ఆయనే చెప్పాడు.

తరవాత ఆయన మమ్మల్ని ప్రశ్నించటం మొదలుపెట్టాడు. "రోజూ నడిచే అలవాటున్నదా? ఉబ్బసం ఉన్నదా? రక్తపుపోటు ఎంత? అమ్మాయి ఎన్ని గంటలు నిద్రపోతుంది?" మూడు ఆఫీసుల్లోనూ మమ్మల్ని ప్రశ్నలడిగినవాడు ఆయన ఒక్కడే. అప్పుడే నా మనసు కుదిరింది.

"ఎనిమిది రోజులైతే మంచిది," అన్నాడాయన.

"మా అబ్బాయికి అంత సెలవు లేదు. ఆరు చాలు. ధర కూడా 140కి లోపల చూడండి," అన్నాను నేను.

ఆయన ధర తగ్గించలేదు. ఆరు రోజులకు మాత్రం ఒప్పుకున్నాడు. బేరం బాగా కుదిరిందని నేను సంతోషించాను. ఈ మాట జ్ఞాపకం పెట్టుకోండి. దీనికి మళ్ళీ వస్తాను.

మర్నాడు పొద్దున్న మరంగు అనే ద్వారం దగ్గరికి వెళ్ళాము. ఆ ద్వారమే సుమారు 1,850 మీటర్ల ఎత్తున ఉన్నది. మన తూర్పు కనుమలలో ఎంత ఎత్తైన శిఖరమైనా 1,700 మీటర్లు దాటదు. అంటే, మన కొండలన్నిటికీ పైన ఆ కొండ మొదలవుతుందన్నమాట! అక్కడ కాటా ఉన్నది. కూలీలు వరసగా వచ్చి మూటలు తూకం వేయించుకుంటున్నారు. ఒక మూట 20 కిలోలు దాటితే మార్గదర్శి అందులో నుంచి పెండలం దుంపలు తీసి మరొక మూటలో సర్దాడు. మా ఇద్దరి కోసం, అంటే మా అబ్బాయి, మనవరాలి కోసం, అంతమంది మోస్తున్నారు గదా అని చూసి మనవరాలు తన సంచీలో నుంచి రెండు లావు పుస్తకాలు తీసి నా చేతికి ఇచ్చింది.

మార్గదర్శి నన్ను "బాబూ" అని పిలిచేసరికి మనవరాలు పకపకా నవ్వింది. స్వాహిలీలో "బాబు" అంటే తాత! అరవై నాలుగేళ్ళకు నేను మళ్ళీ బాబునైపోయాను.

దారంతా దట్టమైన అడవి. చెట్లకు నాచు గడ్డాలు వేలాడుతున్నాయి. కొమ్మల మీద తెల్లని తోకల కొలోబస్ కోతులు నల్లని ఒంటికి తెల్లశాలువా కప్పుకున్నట్టు కనిపించాయి. కూలీలు నెత్తిన మూటలతో మమ్మల్ని దాటి పోతూ, "పోలె పోలె!" అనేవారు. అంటే "మెల్లగా, మెల్లగా" అని. 2,720 మీటర్ల ఎత్తున ఉన్న మందారా గుడిసెల దాకా పోయి, నేను ఒక సహాయకుడి వెంట సాయంకాలానికి కిందికి దిగాను. వాళ్ళిద్దరూ అక్కడే ఆగారు.

ఇంత మెల్లగా ఎందుకు ఎక్కాలి? చెబుతాను. ఇంట్లో దూది పరుపులు ఒకదాని మీద ఒకటి పేర్చారనుకోండి. అన్నిటికంటె కింది పరుపు పైవాటి బరువుకు అణిగి గట్టిగా ఉంటుంది. పై పరుపు వదులుగా ఉంటుంది. గాలి కూడా అంతే. సముద్రమట్టాన గాలి బాగా అణిగి ఉంటుంది. పైకి పోయినకొద్దీ పలచబడుతుంది. గాలిలో ప్రాణవాయువు పాలు అక్కడా నూటికి 21 వంతులే. కాని గాలే పలచన గనక, ఒక్కొక్క ఊపిరికి లోపలికి వచ్చే ప్రాణవాయువు తగ్గిపోతుంది. కిలిమంజారో శిఖరాన అది సముద్రమట్టాన ఉన్నదానిలో ఇంచుమించు సగమే.

మన ఒంటికి ఆ తక్కువతో గడుపుకునే శక్తి ఉన్నది. కాని దానికి రోజులు కావాలి. తొందరపడితే తలనొప్పి, వాంతులు వస్తాయి, నిద్ర పట్టదు. అది ముదిరితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, మెదడు వాస్తుంది. ప్రాణానికే ముప్పు. దీనికి అన్నిటికంటె మంచి మందు ఒకటే: వెంటనే కిందికి దిగటం.

ఇక కొండమీద ఏం జరిగిందో, వాళ్ళు తిరిగి వచ్చాక చెప్పినది చెబుతాను.

రెండో రాత్రి 3,720 మీటర్ల ఎత్తున హొరోంబో గుడిసెల్లో మనవరాలికి తలనొప్పి వచ్చింది. తెల్లవార్లూ నిద్ర లేదు. అయిదు రోజుల ప్రయాణమే అయి ఉంటే, పొద్దున్నే ఆ తలనొప్పితోనే మరో వెయ్యి మీటర్లు ఎక్కవలసి ఉండేది. ఆరు రోజుల్లో అక్కడ ఒక రోజు అదనంగా ఉన్నది గనక, మెల్లగా కొంత పైకి నడిచి, మళ్ళీ కిందికి వచ్చి అక్కడే పడుకున్నారు. మర్నాటికి తలనొప్పి పోయింది. నేను కొన్న ఒక్క రోజూ ఆ విధంగా అక్కరకు వచ్చింది.

నాలుగో రాత్రి 4,720 మీటర్ల ఎత్తున కీబో గుడిసెలు. అర్ధరాత్రి లేచి, తల దీపాలు కట్టుకుని బయలుదేరారు. అప్పుడైతే గులకరాయి చలికి గడ్డకట్టి కాలికింద జారదు. తెల్లవారుతుండగా శిఖరపు అంచున సుమారు 5,685 మీటర్ల ఎత్తులో గిల్మన్స్ పాయింటు చేరారు. ఊహూరు శిఖరం ఇంక 200 మీటర్ల పైచిలుకు ఎత్తే! రెండు గంటల నడక.

అక్కడ మార్గదర్శి మా అబ్బాయిని నిలబెట్టి, ఒక కాలి మడమను రెండో కాలి వేళ్ళకు ఆనించుతూ తిన్నగా పది అడుగులు నడవమన్నాడు. వాడు మూడో అడుగుకే తూలాడు. మళ్ళీ నడవమన్నాడు. మళ్ళీ తూలాడు. మెదడుకు వాపు మొదలైతే మనిషి ఇలాగే తూలుతాడు.

"దిగుదాం," అన్నాడు మార్గదర్శి.

"ఇంత డబ్బు కట్టాము! నాకేమీ లేదు. రెండు గంటలే గదా!" అని మా అబ్బాయి వాదించాడు. మాట కూడా ముద్దగా వస్తున్నది. శిఖరం చేరినవాళ్ళు సంతోషంతో పెద్ద బహుమానాలు ఇస్తారు. వెనక్కు తిప్పిన మార్గదర్శికి ఏమి దక్కుతుంది? అయినా ఆయన వాదించలేదు. మా అబ్బాయి చెయ్యి పట్టుకుని కిందికి తిరిగాడు.

మనవరాలు బాగానే ఉన్నది. రెండో మార్గదర్శి కూడా వెంట ఉన్నాడు. "అమ్మాయీ, నీవు అతనితో పోవచ్చు," అన్నాడాయన. ఆ పిల్ల ఒకసారి శిఖరం వైపు చూసి, "నాన్న కిందికి పోతుంటే నేను పైకి పోను," అని దిగింది. హొరోంబో చేరేసరికి మా అబ్బాయి తూలటం తగ్గి, మధ్యాహ్నం అన్నం అడిగి తిన్నాడు.

వాళ్ళు మోషీకి వచ్చిన రోజు రాత్రి నేను కాగితం తీసుకుని లెక్క వేశాను. మూడు వేల మీటర్లు దాటిన తరవాత, ఒక రాత్రి పడుకున్న ఎత్తుకంటె మర్నాటి రాత్రి 500 మీటర్లకు మించి ఎత్తున పడుకోరాదని వైద్యుల సలహా. ఆ ప్రకారం మొదటి రాత్రి 2,720 మీటర్లయితే, 4,720 మీటర్ల ఎత్తున ఎన్నో రాత్రి పడుకోవాలి? అయిదో రాత్రి. మావాళ్ళు అక్కడ నాలుగో రాత్రే పడుకున్నారు!

ఒక్క రాత్రి తక్కువయింది. ఆ రాత్రి ఎక్కడికి పోయింది? మార్గదర్శి ఎనిమిది రోజులన్నాడు. "ఆరు చాలు," అన్నది ఎవరు? నేను! కూలీల సంగతి అడిగాను, తిండి సంగతి అడిగాను. అందరి వాటాలూ చూశాను. కాని చివర నేను చేసిన బేరం నా కొడుకు వాటాలో నుంచే తీశాను. ముప్పై ఏళ్ళ తరవాత కూడా నాకు ఆ 600 రూపాయల పాఠం పూర్తిగా వంటబట్టలేదన్నమాట.

మర్నాడు ఆ మార్గదర్శి దగ్గరికి వెళ్ళి, శిఖరం చేరి ఉంటే ఎంత బహుమానం ఇచ్చేవాళ్ళమో అంతా ఇచ్చాము. కూలీలందరి ఎదుటా పంచాము. మా మనవరాలు ఆయనకు పెద్దలకు చేసే స్వాహిలీ నమస్కారం, "షికమూ," చేసింది. "మరహబా," అని ఆయన దీవించాడు. "మళ్ళీ వస్తాను. ఈసారి ఎనిమిది రోజులు," అన్నది ఆ పిల్ల.

పిల్లలూ, మీలో కొందరు పెద్దయ్యాక హిమాలయాలకో, కిలిమంజారోకో పోతారు. మరి కొందరు వచ్చే నెలలోనే స్కూలు యాత్రకు పోతారు. ధర అడగటం తప్పుకాదు. డబ్బు కష్టపడి సంపాదించినదే గనక, నాలుగుచోట్ల అడిగి తీరాలి. ఎవరైనా తక్కువ ధర చెప్పినప్పుడు మాత్రం, ఆ తగ్గినది ఎవరి నిద్రలోదో, ఎవరి అన్నంలోదో, ఎవరి ఊపిరిలోదో కూడా అడగండి. సరిగా జవాబు చెప్పినవాడితోనే బయలుదేరండి.

ఇక మీకొక లెక్క. ఒక కొండ మీద మొదటి రాత్రి మజిలీ 3,000 మీటర్ల ఎత్తున, చివరి మజిలీ 5,000 మీటర్ల ఎత్తున ఉన్నది. రోజుకు 500 మీటర్లు కాక, ఇంకా జాగ్రత్తగా 400 మీటర్ల చొప్పున పోతే చివరి మజిలీలో ఎన్నో రాత్రి పడుకుంటారు? జవాబు మీ నాన్నగారికి చెప్పి సరిచూసుకోండి. ఆయన తొందరపడి ఒక రాత్రి తగ్గించి చెబితే మాత్రం ఒప్పుకోకండి!